స్టార్టవ్వకూడదని వేడుకున్న రోజు

నా బండికి ఒక రోగం ఉండేది. దాన్ని రోగమని నేను ఒప్పుకునేవాణ్ణి కాదు, అంతే. పాత చిన్న లారీ. హ్యాండ్ బ్రేక్ ఎంత బలంగా లాగినా పల్లంలో నిలబడేది కాదు. విశాఖపట్నంలో పల్లం లేని రోడ్డు ఎక్కడుందో చెప్పండి? అందుకని ఎక్కడ ఆపినా ఫస్ట్ గేరులో పడేసి, వెనక చక్రం ముందు ఒక రాయి పెట్టి దిగిపోయేవాణ్ణి. ఈ ఊళ్ళో పాత బండ్లు తోలేవాళ్ళలో చాలామందికి అదే అలవాటు. హ్యాండ్ బ్రేకును నమ్ముకునేవాడు మా కంటికి వెర్రివాడు.

మా బావకు ఈ అలవాటంటే ఒళ్ళు మంట. బావంటే మా అక్క మొగుడు. ఆనందపురం జంక్షన్ దగ్గర రేకుల షెడ్డు వేసుకుని లారీలు బాగుచేస్తాడు. బండి ఆపితే న్యూట్రల్‌లోకి తేవాలి, హ్యాండ్ బ్రేక్ లాగాలి, అది పట్టకపోతే పట్టేలా చేయించుకోవాలి. ఆయన లెక్క అది. "గేరులో ఒగ్గీసి దిగిపోడమేట్రా, దొంగ అలవాటు" అని తిట్టేవాడు. చేయిస్తాలే బావా అని నవ్వేసేవాణ్ణి. చేయించలేదు. ఆయన మాత్రం చేయించుకున్నాననే నమ్మాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు మొహం మీద నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు పొద్దున్నే ఐసు దిమ్మలు ఎక్కించుకుని జాలరిపేటకు వెళ్ళాను. పడవల వాళ్ళకు ఐసు వెయ్యడమే అప్పట్లో నా పని. సముద్రం వైపు దిగే సందు మొదట్లో బండి ఆపి, ఎప్పటిలాగే గేరులో ఉంచి, రాయి పెట్టి, టీ తాగడానికి పోయాను. పది నిమిషాల్లో తిరిగొచ్చి క్లచ్ తొక్కి తాళం తిప్పాను. సెల్ఫ్ మోటారు గిర్రుగిర్రుమని ఇంజన్ను తిప్పుతోంది గాని ఇంజను అందుకోవడం లేదు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అంతే. నాకు కోపం తొందరగా వస్తుంది. స్టీరింగ్ మీద గుద్దాను, దాని అమ్మనీ అబ్బనీ తిట్టాను, మళ్ళీ తిప్పాను. వెనక ఐసు కరిగి బండి కింద నీళ్ళు ధార కట్టాయి. అప్పుడు బావకు ఫోన్ చేశాను.

"సెల్ఫ్ గట్టిగా తిరుగుతందా?" అన్నాడు.

"బాగానే తిరుగుతోంది బావా."

"తిరుగుతున్నప్పుడు పొగ గొట్టం సూడు. పొగొత్తందా?"

గోడ నీడలో చేపల గమ్మెళా ముందు పెట్టుకుని ఒక పెద్దామె కూర్చునుంది. ఆమెను బతిమాలి పొగ గొట్టం చూడమని సెల్ఫ్ కొట్టాను. "పొగా లేదు గిగా లేదు నాయనా" అంది.

"పొగే లేదంటే డీజిలు ఇంజను దాకా రాట్లేదన్నమాట" అన్నాడు బావ. "ఊరికే కొట్టి బ్యాటరీ తగలెట్టకు. నానొత్తన్నాను."

మోటారు సైకిలు మీద పనిముట్ల సంచీతో వచ్చాడు. రాగానే క్యాబిన్‌లోకి చెయ్యి పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగాడు. అది ఆయన అలవాటు. ట్యాంకులో పుల్ల ముంచి డీజిలు ఉందని చూశాడు. ఫిల్టరు దగ్గర మర వదులు చేసి, పక్కనున్న చేతి పంపు కొట్టాడు. డీజిలుకు బదులు నురగ వచ్చింది. "గాలి లాగేత్తంది. ఎక్కడో పైపులోంచి గాలి దూరతంది" అన్నాడు. నురగ పోయేదాకా పంపు కొట్టడం, మర బిగించి నన్ను సెల్ఫ్ కొట్టమనడం. నేను సీటులో కూర్చుని క్లచ్ తొక్కి కొట్టడం. అది అందుకోకపోవడం. మళ్ళీ మర విప్పితే మళ్ళీ నురగ. ఇలా రెండు గంటలు గడిచాయి. క్లచ్ తొక్కి ఉన్నంతసేపూ బండి ఏ గేరులో ఉన్నా సెల్ఫ్‌కి కదలదు, పల్లానికి జారకుండా రాయి ఉంది. అందుకే గేరు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. న్యూట్రల్‌లో ఉందని ఆయన అనుకున్నాడు. నేను అసలేమీ అనుకోలేదు.

"ఎంత బతిమాలినా పలకట్లేదేటి బాబూ, కొత్త పెళ్ళికూతురా?" అని పెద్దామె వేళాకోళం చేసింది. నాకు నవ్వు రాలేదు.

నవ్వు రాకపోవడానికి ఇంకో కారణం ఉంది. ట్యాంకు నుంచి ఇంజనుకు పోయే రబ్బరు పైపు, సరిగ్గా వెనక చక్రానికి ముందు, వారం కిందట చిట్లి కారింది. కొత్త పైపు వెయ్యకుండా పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి కట్టేశాను. చెప్తే బావ తిడతాడని నోరు మూసుకున్నాను. ఆయన ఫిల్టరు దగ్గర అవస్థ పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. అంత బుద్ధిమంతుణ్ణి.

చివరికి ఆయనే పైపు పట్టుకుని వెతుక్కుంటూ వెనక్కి పోయి, బండి కింద దూరాడు. లోపల్నుంచి గొంతు వినిపించింది.

"ఇదెవడు కట్టినాడ్రా?"

నేను స్టీరింగ్ మీద దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను.

"నిన్నేరా!"

"నేనే బావా. మొన్న కారుతుంటే..."

"రెండు గంటల్నుంచి నాను ఆ ఫిల్టరు అట్టుకుని ఏలాడతంటే నోట్లో ఏటెట్టుకున్నావురా నువ్వు?"

తిట్టుకుంటూనే చిట్లిన ముక్క కోసేసి, మిగిలిన పైపు లాగి తొడిగి, క్లిప్పు అడిగాడు. నేను దిగి సంచీలోంచి తీసి అందించాను. బిగించాడు. "ఎల్లి పంపు కొట్టు" అన్నాడు. కొట్టాను. ఈసారి నురగ లేదు. మర దగ్గర డీజిలు చక్కగా ధార కట్టింది. మర బిగించేసి, "వచ్చింది బావా!" అని అరిచాను. నా సంతోషం చెప్పలేను.

"అయితే ఇప్పుడు కొట్టు. నానిక్కడే ఉండి పైపు కారతాదేమో సూత్తాను" అన్నాడు.

నేను కిందే ఉన్నాను. తలుపు తెరిచి ఉంది. ఎక్కి కూర్చోవాలంటే రెండు మెట్లు. ఆ రెండు మెట్లూ ఎక్కలేదు. రోడ్డు మీద నిలబడే చెయ్యి లోపలికి చాచి తాళం తిప్పాను. క్లచ్ మీద కాలు లేదు. బండి ఫస్ట్ గేరులో ఉంది.

లారీ ఒక్క గంతు ముందుకు వేసింది. రోడ్డు మీద రాయి గీసుకున్న చప్పుడు. కింద నుంచి "హమ్మ" అని ఒక మాట. అరుపు కాదు, ఊపిరి బయటికి పోయినట్టు. తాళం వదిలేశాను. తర్వాత ఏ చప్పుడూ లేదు. వంగి చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆ మాట దాచను. ముందు వంగి చూసింది నేను కాదు, ఆ పెద్దామె.

"ఓలమ్మో! మనిషి బతికున్నాడు, బతికున్నాడు" అని అరిచింది. అప్పుడు వంగాను.

బావ బండికి అడ్డంగా వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పడుకోవడానికి చోటు చాలక, చక్రం ముందున్న రాయిని మూరెడు అవతలికి నెట్టుకున్నాడు. హ్యాండ్ బ్రేక్ లాగాను కదా అన్న ధైర్యం ఆయనది. ఇప్పుడు ఒక పక్క డొక్కలో రాయి, ఇంకో పక్క డొక్కలో టైరు. మధ్యలో ఆయన. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి గాని గొంతు రావడం లేదు. కరిగిన ఐసు నీళ్ళు ఆయన చొక్కా తడుపుకుంటూ పల్లానికి పోతున్నాయి. ఇంకో నాలుగు వేళ్ళ మందం బండి కదిలితే అయిపోయినట్టే. మా అక్క మొగుణ్ణి నా చేత్తో నేనే చంపేసినట్టే.

చేతులు పట్టుకుని లాగబోయాను. పెద్దామె నా చెయ్యి మీద గట్టిగా కొట్టింది. "లాగకు! ఏటో సెప్తన్నాడు, సెప్పనీ!" అని, ఆ తడి రోడ్డు మీదే బోర్లా పడుకుని, తల లోపలికి పెట్టి ఆయన నోటి దగ్గర చెవి ఉంచింది. ఆమె కేకలకు నలుగురు మగవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. బండి వెనక్కి తోసేద్దామన్నాడొకడు. జాకీ పెడదామన్నాడొకడు.

"తొయ్యొద్దంటన్నాడు!" పెద్దామె అరిచింది. "లోడు బండి, ఎత్తు మీదికి మీవల్ల కాదంట. సగంలో ఒగ్గీసినారంటే తన మీదికే వత్తాదంట. జాకీ కూడా ఒద్దంట, పల్లంలో జారిపోతాదంట. ఒరే బాబూ, నిన్ను ఎక్కమంటన్నాడు. బ్రేకు తొక్కి, ఒళ్ళంతా దాని మీదెట్టి కూకోమంటన్నాడు."

ఎక్కాను. ఇందాక ఎక్కని రెండు మెట్లు. రెండో మెట్టు మీద కాలు జారింది. కుడికాలితో బ్రేకు తొక్కి, స్టీరింగ్ పట్టుకుని సగం లేచి నా బరువంతా దాని మీద పెట్టాను.

"ఇప్పుడు రివర్స్ గేరు ఎయ్యమంటన్నాడు. సెల్ఫ్‌తోనే బండి ఎనక్కి జరపమంటన్నాడు. ఒక్క సిటికె సేపు కొట్టి ఆపీమంటన్నాడు."

సెల్ఫ్ మోటారుకు ఆ బలం ఉంది. గేరులో ఉండగా కొడితే ఇంజను అందుకోకపోయినా బండిని జానెడు జానెడు కదుపుతుంది. ఆ బలమే ఇందాక ఆయన్ని నొక్కింది. ఇప్పుడు ఆ బలంతోనే తియ్యాలి. కానీ పొద్దున్నుంచీ కొట్టి కొట్టి బ్యాటరీ సగం చచ్చింది. అదొక భయం.

"ఇంకోటి సెప్తన్నాడు. స్టాప్ బుడిపి లాగి అట్టుకోమంటన్నాడు. ఒగ్గొద్దంటన్నాడు."

అది ఎందుకో నాకు వెంటనే తెలిసింది. పాత డీజిలు బండ్లకు ఇంజను ఆపడానికి ఒక బుడిపె ఉంటుంది. లాగితే డీజిలు ఆగిపోతుంది. పైపు ఇప్పుడు బాగుంది, డీజిలు ఇంజను దాకా వచ్చి నిలబడి ఉంది. అంటే ఈసారి కొడితే అందుకుంటుంది. రివర్స్ గేరులో ఉండగా అందుకుంటే లారీ వెనక్కి దూకుతుంది. దూకితే ముందు చక్రం ఆయన మీదికి వస్తుంది. నా బండి బుడిపె లాగి వదిలితే వెంటనే లోపలికి పోతుంది. ఎడమ చేత్తో దాన్ని గుంజి పట్టుకునే ఉండాలి, కుడి చేత్తో తాళం తిప్పాలి, అదే క్షణంలో బ్రేకు వదలాలి. చెయ్యి ఒక్క అంగుళం జారితే మనిషి ఉండడు.

పొద్దున్నుంచీ స్టార్టవ్వవే, స్టార్టవ్వవే అని దాన్ని బతిమాలాను, బూతులు తిట్టాను. ఇప్పుడు పైకే అన్నాను. "ప్రభువా, స్టార్టవ్వకూడదు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇది స్టార్టవ్వకూడదు." కింద నిలబడ్డవాళ్ళు నాకు మతి పోయిందనుకుని ఉంటారు.

క్లచ్ తొక్కి ఫస్ట్ గేరులోంచి తీశాను. ఇప్పుడు బండిని పట్టుకుని ఉన్నది నా కుడికాలు ఒక్కటే. హ్యాండ్ బ్రేకు సంగతి నాకు తెలియనిది కాదు. పెడల్ నా కాలి కింద మెల్లమెల్లగా దిగుతోంది. అది నిజంగా దిగుతోందా, నా భయమా అన్నది ఇప్పటికీ తెలియదు. రివర్స్ వేశాను. పడలేదు. పళ్ళు ఒకదానికొకటి అడ్డం తగిలి గేరు రాడ్డు వెనక్కి తన్నింది. మళ్ళీ వేశాను. పడలేదు. "బేగి, బేగి, ఊపిరాడట్లేదు మనిషికి!" అని పెద్దామె ఏడుస్తోంది. క్లచ్ వదిలి, మళ్ళీ తొక్కి, రెండు చేతులతో లాగాను. పడింది. క్లచ్ వదిలాను. బుడిపె గుంజి పట్టుకున్నాను. తాళం తిప్పి బ్రేకు వదిలాను.

బండి మూలిగింది. కదలలేదు. తర్వాత ఒక్కసారి కుదిపి ఆగింది. వెంటనే బ్రేకు తొక్కేశాను.

"కదిలినాది! రెండు వేళ్ళ మందం కదిలినాది! ఇంకోపాలి!"

ఇంకోసారి తిప్పాను. ఈసారి ఇంజను ఒక్క దగ్గు దగ్గింది. లోపల మిగిలిన డీజిలు చుక్క మండినట్టుంది. బుడిపె ఊడి చేతికొస్తుందేమో అన్నంత గుంజాను. దగ్గి చచ్చింది. బండి మాత్రం జానెడు వెనక్కి పోయింది.

"ఒగ్గినాది! లాగండ్రా, లాగండి!"

నలుగురూ ఆయన్ని లాగేశారు. పెద్దామె అదే రాయి తెచ్చి టైరు ముందు కుక్కింది. "ఇంక దిగు నాయనా" అన్నారు. నేను దిగలేదు. బ్రేకు మీంచి కాలు తియ్యమన్నా తియ్యలేదు. ఒకతను ఎక్కి నా మోకాలు పట్టుకుని ఎత్తి తీయాల్సి వచ్చింది.

బావ గోడకు ఆనుకుని కూర్చుని నీళ్ళు తాగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చొక్కా చిరిగి, డొక్క రెండు వైపులా కమిలిపోయింది. నేను ఆయన కాళ్ళ దగ్గర కూలబడి గట్టిగా ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "గేరులో ఉందేట్రా?" అని మెల్లగా అడిగాడు. తల ఊపాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది.

ఐసును ఆ నలుగురే గోనెల్లో మోసుకుపోయారు. ఆటోలో బావను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పక్కటెముక ఒకటి బీటలిచ్చింది, విశ్రాంతిగా ఉంటే అతుక్కుంటుందన్నారు. సాయంత్రం పద్మనాభంలో వాళ్ళింటికి వెళ్ళేటప్పుడు దారిలో అన్నాడు. "మీ అక్కకి సెప్పకు. రాళ్ళ మీద జారి పడ్డానని నాను సెప్తాను. అది తట్టుకోలేదు."

అలాగే చెప్పాడు. అక్క నమ్మింది. నడుముకు కట్టిన కట్టు చూసి కళ్ళు తుడుచుకుంది, పసుపు పాలు ఇచ్చింది, ముగ్గురికీ కంచాలు పెట్టింది. మా ఇళ్ళలో తినే ముందు ప్రార్థన చేస్తాం. అక్క కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. "తండ్రీ, నా తమ్ముడు పక్కనుండబట్టి ఈ మనిషిని బేగి ఆసుపత్రికి అట్టుకెళ్ళినాడు. ఆడిని నువ్వే అక్కడ ఉంచినావు. నీకు స్తోత్రం."

ఆమెన్ అనాలి. బావ అన్నాడు. నా నోట్లోంచి రాలేదు.

"జారి పడలేదక్కా" అన్నాను. "నేనే."

బావ వద్దన్నట్టు చూశాడు. నేను ఆగలేదు. గేరు, పైపు, తలుపులోంచి చెయ్యి చాచడం, అంతా చెప్పేశాను. అక్క చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది.

"ఎక్కకుండా తిప్పినావా?" అంది.

"ఆఁ."

"రెండు మెట్లు ఎక్కలేకపోనావా?"

అక్క లేచి వచ్చి నా వీపు మీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు. చిన్నప్పుడు కూడా అంత గట్టిగా కొట్టలేదు. "నా బతుకు ఏటైపోయేదిరా" అని కొడుతూనే ఏడ్చింది. బావ లేవబోయి నొప్పికి మళ్ళీ కూర్చున్నాడు. అక్క అలిసిపోయి నా పక్కనే కూలబడింది.

"ఇంక ఈ జన్మలో బావ బండి కింద ఉంటే తాళం ముట్టుకోనక్కా" అన్నాను. "ఒట్టు."

అక్క కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నువ్వు ముట్టుకోపోతే ఎవడు ముట్టుకుంటాడ్రా? ఈయన కింద దూరకుండా మాకు కూడొత్తాదా? ఆ షెడ్డుకి రోజుకో డ్రైవరొత్తాడు. కొట్టరా అంటే కొట్టేత్తాడు. ఆడికేటి భయం? ఆడి అక్క మొగుడా?" నా కంచం తన వైపు లాక్కుంది. "ఈరోజు నువ్వు ఎంత భయపడ్డావో నీకు తెల్సు. ఆ భయం ఇంకెవడికీ లేదు. ఇంక నుంచి ఈయన బండి కింద ఉంటే, మీదన నువ్వే కూకో. ఇంకెవడినీ కూకోనీకు."

నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసి, తినమంది.

బావ ఎముక అతుక్కుంది. నా హ్యాండ్ బ్రేకు కూడా బాగయింది, ఆయనే చేశాడు. బండి కింద దూరి ఎవరి చేతనైనా సెల్ఫ్ కొట్టించాల్సి వస్తే ఇప్పుడు నాకు ఫోన్ చేస్తాడు. దగ్గర్లో ఉంటే వెంటనే, దూరంగా ఉంటే పని చూసుకుని వెళ్తాను. అప్పటిదాకా ఆ బండి అలాగే ఉంటుంది. డ్రైవర్లు విసుక్కుంటారు. వెళ్ళి రెండు మెట్లు ఎక్కి కూర్చుంటాను. గేరు ఊపి చూస్తాను. మళ్ళీ చూస్తాను. దిగి రాయి చూసి మళ్ళీ ఎక్కుతాను. "కొట్రా బేగి, ఎంతసేపూ" అని కింద నుంచి అరుస్తాడు బావ. తాళం పట్టుకున్న నా చెయ్యి వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకు కోసమే కదా అక్క నన్ను ఇక్కడ కూర్చోబెట్టింది అనుకుని, తిప్పుతాను.